ట్రంపెట్ మాస్టారి గుండెలో తలుపు

మా బావకి తలనొప్పి అంటే ఇంట్లో మనిషి కింద లెక్క. దానికి "చుట్టం" అని పేరు పెట్టింది ఆయనే. చెప్పాపెట్టకుండా వస్తుంది, వచ్చాక ఒక పూటంతా కదలదు, పోయేటప్పుడు ఒంట్లో సత్తువంతా మూటగట్టుకుని మరీ పోతుంది, చుట్టం కాక ఇంకేమిటని వాదించేవాడు. నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. చుట్టమన్నప్పుడల్లా నా వంక ఓసారి చూసేవాడు.

ఆ చుట్టం రాకముందు కబురొచ్చేది. చూపుకి ఓ చివర సన్నటి మెరుపు గీత మొదలయ్యేది. వంకరటింకరగా, మిలమిలలాడుతూ, పావుగంటలో సగం చూపుని కమ్మేసేది. మా బ్యాండు కోట్ల అంచున కుట్టిన జరీ ఎవరో కళ్ళ ముందు ఆడిస్తున్నట్టు ఉంటుందని చెప్పేవాడు. ఎదుటివాళ్ళ మొహంలో సగం మాయమయ్యేది. "నీ మొహం సగమే కనబడుతోందిరా, ప్రాణానికి హాయిగా ఉంది" అని నాతో ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. గీత పోయాక తలలో ఒక పక్క నొప్పి అందుకునేది. డాక్టర్లు దాన్ని మైగ్రేన్ అన్నారు, ఇంట్లో పెద్దవాళ్ళు పార్శ్వపు నొప్పి అన్నారు. పేరు ఏదైతేనేం, కర్టెన్లు వేసి, పక్కన బకెట్టు పెట్టి, మేమంతా మునివేళ్ళ మీద నడిచేవాళ్ళం. నెలకి మూడు నాలుగుసార్లు ఈ మర్యాద తప్పేది కాదు.

తలనొప్పి లేని రోజుల్లో మా బావంత సుఖపురుషుడు ఇంకొకడు లేడు. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. మంచం వేస్తే మనిషి పట్టనంత గది. గోడలనిండా మేకులు, మేకులకి ట్రంపెట్లు, పెద్ద పెద్ద ఇత్తడి బూరలు. సొట్టపడ్డ గొట్టాన్ని చెక్క గుంజ మీదకి తొడిగి, చిన్న సుత్తితో తట్టి తట్టి, సొట్ట ఎక్కడుండేదో తెచ్చినవాడికే తెలియకుండా చేసేవాడు. పనయ్యాక ఊది చూడాలి కదా. అలా చూడటం గంట పట్టేది. ఆయన వాయించే బ్యాండులోనే నేను పెద్ద డ్రమ్ము వాయిస్తాను. మాకు కోట్లు కుట్టడానికి కొలతలు తీసుకున్నది మా అక్క. మిగతా ఆరుగురికీ ఒక్కసారే కొలిచింది, ఆయనకి మాత్రం మూడుసార్లు కొలవాల్సి వచ్చిందట. ఛాతీ కొలిచిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి రెండంగుళాలు పెంచేవాడట. అలా పెళ్ళయింది.

ఆయన ట్రంపెట్లో ఒక గొప్ప ఉంది, దాచడమెందుకు. పాట చివర ఒక పై స్వరాన్ని పట్టుకుంటే వదిలేవాడు కాదు. బుగ్గలు బిగిసి, మెడ నరాలు లేచి, మొహం ఎర్రగా కందిపోయి, చూసేవాళ్ళకే ఊపిరాడేది కాదు. పెళ్ళి ఊరేగింపుల్లో జనం నడక ఆపి అంకెలు లెక్కపెట్టేవాళ్ళు.

మా బ్యాండులో అందరికంటే పెద్దాయన క్లారినెట్ వాయిస్తాడు. బ్యాండు పెట్టిందీ ఆయనే, నియమాలు పెట్టిందీ ఆయనే. మొదటి నియమం, పాట ఆగకూడదు. ఎవడైనా తడబడితే మిగతావాళ్ళు మోత పెంచి వాణ్ణి కప్పేయాలి. దీన్ని మేం "దుప్పటి" అంటాం. పెద్దాయన క్లారినెట్ మూతి పైకి లేపాడంటే దుప్పటి కప్పమని అర్థం. నా డ్రమ్ము తోలు చిరిగిన రోజున నన్ను కప్పారు. పక్క డ్రమ్ము వాడికి ఎక్కిళ్ళు పట్టిన రోజున వాణ్ణి కప్పాం. వినేవాళ్ళెవరికీ ఏనాడూ తెలియలేదు. అది మాకు ఎంత గర్వమో చెప్పలేను.

ఆ గర్వమే మా కొంప ముంచబోయింది.

ఆ రోజు పొద్దున ఒక పెళ్ళికొడుకుని కారులో కూర్చోబెట్టి హోటల్ నుంచి హాలుకి తీసుకెళ్తున్నాం. హోటల్ గోడ గడియారం పది కొట్టగానే మొదలుపెట్టాం. రెండు పాటలు నున్నగా సాగిపోయాయి. మూడో పాటలో బావ ట్రంపెట్ బుస్సుమంది. స్వరం బదులు గాలి వస్తోంది. పెద్దాయన క్లారినెట్ మూతి లేచింది. ఇంకేముంది, నేను రెండు చేతులా అందుకున్నాను, పక్క డ్రమ్ములు రెండూ అందుకున్నాయి, వీధి వీధంతా దద్దరిల్లిపోయింది. బావ ఎడమ బుగ్గని అరచేత్తో నొక్కుకోవడం చూశాను. చుట్టం దిగాడు కాబోలు అనుకున్నాను. ఆయన నా వైపు తిరిగి ఏదో అన్నాడు. నా డ్రమ్ము మోతలో నాకే వినబడలేదు. అలాగే అలాగే అని తలూపి ఇంకా గట్టిగా బాదాను. పక్షవాతం వస్తున్న మనిషిని మూడు పాటలపాటు దుప్పటి కప్పి నడిపించాం. ఇప్పుడు తలుచుకున్నా నన్ను నేను రెండు పీకాలనిపిస్తుంది.

కనిపెట్టింది ఫొటోలు తీసే అమ్మాయి. కెమెరాతో మా ముందు వెనక్కి వెనక్కి నడుస్తోంది.

"మాస్టారూ, ట్రంపెట్ దించి ఒక్కసారి నవ్వండి!" అంది.

బావ నవ్వాడు. ఫొటో అంటే ఆయనకి ప్రాణం.

"రెండో పక్క కూడా నవ్వండి" అందా అమ్మాయి. అని, కెమెరా దించేసింది. దగ్గరికొచ్చి, "రెండు చేతులూ ముందుకి చాపండి మాస్టారూ" అంది. కుడి చెయ్యి నిలబడింది. ఎడమ చెయ్యి మెల్లగా కిందికి జారిపోయింది.

పెద్దాయన అడ్డం వచ్చాడు. "ఏం లేదమ్మా, ఆయనకి మామూలే. తలనొప్పి. కాసేపు నీడలో కూర్చుంటే..."

"తలనొప్పి కాదండీ ఇది. మా నాన్నకి ఇలాగే వచ్చింది. అప్పుడు మేమూ నీడలోనే కూర్చోబెట్టాం" అంది.

పెళ్ళికొడుకు అప్పటికే కారు దిగిపోయాడు. "నేను నడుస్తాను, ముందు ఆయన్ని ఎక్కించండి" అన్నాడు. పూలదండలన్నీ చుట్టిన ఆ కారులో బావ, నేను, ఫొటోల అమ్మాయి హాస్పిటల్‌కి బయల్దేరాం. పెళ్ళికొడుకు ట్రంపెట్ లేని బ్యాండు వెనకాల నడిచి తన పెళ్ళికి తనే వెళ్ళాడు. ఆ కుర్రాడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

హాస్పిటల్ గేటు దగ్గర వాచ్‌మన్ పూలకారుని చూసి మొదట ఆపబోయాడు. లోపల భుజాలమీద జరీ పట్టీలతో, ఛాతీమీద రెండు వరసల ఇత్తడి గుండీలతో బావ కనిపించేసరికి, ఎవరో పెద్ద ఆఫీసరనుకుని నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. బావ కుడిచేత్తో తిరిగి సెల్యూట్ కొట్టాడు. సగం మూతితో నవ్వాడు కూడా. ఏడుస్తున్నవాణ్ణి నేను నవ్వేశాను.

లోపల డాక్టరు కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నింటికి మొదలైంది?"

"మూడో పాటలో, పల్లవి రెండోసారి వచ్చేటప్పుడు" అన్నాను.

"నాకు పాటలొద్దండీ, టైము కావాలి. మందు ఇవ్వాలో వద్దో దాన్నిబట్టే ఉంటుంది."

కళ్ళు మూసుకుని మోకాలి మీద తాళం వేశాను. మొదటి పాట నాలుగున్నర నిమిషాలు. రెండోది, చరణం మళ్ళీ వాయించాం కాబట్టి ఆరు. మధ్యలో ఆగలేదు. "పది గంటలా పదకొండు నిమిషాలు" అన్నాను. డాక్టరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఫొటోల అమ్మాయి కెమెరా తిప్పి చూపించింది. పది గంటలా పది నిమిషాల ఫొటోలో బావ పెదవులు చక్కగా బిగిసి ఉన్నాయి. పదమూడుకి తీసిన దాంట్లో ఎడమ మూల కిందికి వాలింది. డాక్టరు టైము రాసుకున్నాడు. తలకి స్కాన్ తీయించి, రక్తస్రావం లేదని చూసుకుని, మెదడు నాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చాడు. ఇన్నేళ్ళ డ్రమ్ము బతుకులో నేను తాళం వేసినందుకు ఒక మనిషికి మేలు జరగడం అదే మొదటిసారి.

అక్క మెడలో కొలత టేపుతోనే పరిగెత్తుకొచ్చింది. సాయంత్రానికి బావ ఎడమచేతి వేళ్ళు కదిలాయి. మూడోరోజుకి గ్లాసు పట్టుకున్నాడు. డాక్టర్లు అదృష్టమన్నారు, మేమూ అదే అన్నాం. కానీ ఎడమ పక్క పెదవి మూల మాత్రం సోమరిగా అలాగే ఉండిపోయింది. నీళ్ళు తాగితే ఆ మూలనుంచి కారేవి. ట్రంపెట్ వాయించేవాడికి వేళ్ళ సంగతి తర్వాత, ముందు కావాల్సింది పెదవి. ఆ సంగతి ఆ గదిలో నాకూ ఆయనకీ తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎవరొచ్చి పలకరించినా ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న, "మళ్ళీ ఊదగలనా?" నర్సునీ అడిగాడు, గది తుడిచే ఆవిణ్ణీ అడిగాడు.

నాలుగోరోజు మధ్యాహ్నం అక్క లేనప్పుడు నా మనసులో ఉన్నది కక్కేశాను. "బావా, నేనే గట్టిగా బాదాను. నువ్వేదో చెప్తున్నా వినలేదు. ఏం చెప్పావు అప్పుడు? చెయ్యి లాగేస్తోందన్నావా?"

ఆయన నా వైపు తిరిగాడు. మాట కాస్త ముద్దగా వచ్చినా స్పష్టంగానే వచ్చింది. "తాళం జారుతోందిరా వెధవా, అన్నాను."

ఇద్దరం ఎంత నవ్వామంటే నర్సొచ్చి తలుపు వేసింది. నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చాను. ఆయన కుడిచెయ్యి నా తలమీద వేశాడు.

ఇక అసలు చిక్కుముడి. నలభయ్యొక్క ఏళ్ళ మనిషి. బీపీ లేదు, షుగర్ లేదు, సిగరెట్టు ముట్టడు. మెడ రక్తనాళాలు చూశారు, శుభ్రంగా ఉన్నాయి. గుండె కొట్టుకునే తీరు రోజుల తరబడి చూశారు, నాకంటే బాగా తాళంలో ఉంది. మరి గడ్డ ఎక్కణ్ణుంచి వచ్చింది? మెదడు డాక్టరుగారు ఎప్పటినుంచైనా తలనొప్పి ఉందా అని అడిగి, మెరుపు గీతల సంగతి విని, గుండె డాక్టరమ్మ దగ్గరికి పంపించారు.

"నొప్పి తలలోనైతే గుండెకి పరీక్ష ఏమిటి?" అని నేను గొణిగాను. అక్క మోచేత్తో పొడిచింది.

ఆ పరీక్ష చూసి తీరాలి. ఉప్పునీళ్ళలో రవ్వంత గాలి కలిపి, సన్నటి బుడగలు వచ్చేదాకా గిలకొట్టి, చేతి నరంలోకి ఎక్కిస్తారు. గుండె టీవీలో కనబడుతూ ఉంటుంది. బుడగలు కుడివైపు గదుల్లోకి వచ్చి, ఊపిరితిత్తుల దగ్గర ఆగిపోవాలి. ఎడమవైపు కనబడకూడదు.

"ఊపిరి బిగబట్టి గట్టిగా ముక్కండి. నేను చెప్పగానే వదిలేయండి" అంది డాక్టరమ్మ.

"ట్రంపెట్ ఊదినట్టు చెయ్యనా?"

"చెయ్యండి."

బావ వాలిన పెదవి మూలని వేలితో అదిమిపట్టి, బుగ్గలు బిగించాడు. మొహం కందింది. మెడ నరాలు లేచాయి. డాక్టరమ్మ వదలమంది. వదల్లేదు. అలవాటు మరి! "వదలండి మాస్టారూ!" అని నర్సు అరిచింది. వదిలాడు. టీవీలో కుడిగదినుంచి ఎడమగదిలోకి బుడగలు బిలబిలమంటూ దూరిపోయాయి. మంచం మీదనుంచి బావ తలెత్తి చూసి, "బాగుందా?" అన్నాడు.

"ఇంత బాగా ఎవరూ చేయలేదండీ" అంది డాక్టరమ్మ. ఆయన మొహం వెలిగిపోయింది. తన గుండెలో చిల్లు కనబడినందుకు సంతోషించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

అప్పుడు డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. తల్లి కడుపులో బిడ్డ ఊపిరి పీల్చుకోదు కదా. అందుకని గుండె పై గదులు రెండిటి మధ్యా ఒక చిన్న తలుపు ఉంటుంది, రక్తం అడ్డదారిన వెళ్ళిపోవడానికి. పుట్టి మొదటి ఊపిరి పీల్చగానే ఆ తలుపు మూసుకుంటుంది. నెమ్మదిగా అతుక్కుపోతుంది. నలుగురిలో ఒకరికి మాత్రం అతుక్కోదు, ఊరికే చేరేసి ఉంటుంది. గట్టిగా ముక్కినా, దగ్గినా, బూర ఊదినా తెరుచుకోవచ్చు. ఆ క్షణాన కాలి నరంలోనుంచో ఎక్కణ్ణుంచో ఒక చిన్న రక్తపు గడ్డ వచ్చిందనుకోండి, ఊపిరితిత్తుల్లో చిక్కుకుని పోవాల్సింది కాస్తా అడ్డదారిన మెదడుకి వెళ్తుంది.

అక్క ఊరుకోలేదు. "ఇరవై ఏళ్ళుగా తలనొప్పి మాత్రలు మింగుతున్నాడు డాక్టరమ్మా. గుండె చూడమని ఒక్కరూ అనలేదేం?"

"అనాల్సిన అవసరం లేదమ్మా. ఈ తలుపు తెరిచి ఉన్నవాళ్ళలో చాలామంది ఆ సంగతి తెలియకుండానే హాయిగా బతికేస్తారు. మైగ్రేన్ వచ్చిన ప్రతివాళ్ళకీ గుండె పరీక్ష అక్కర్లేదు. మెరుపు గీతలు కనబడే మైగ్రేన్ ఉన్నవాళ్ళలో ఈ తలుపు తెరిచి ఉండటం కాస్త ఎక్కువ, స్ట్రోకు కూడా కాస్త ఎక్కువ. ఏది దేనివల్లో మాకూ ఇంకా పూర్తిగా తేలలేదు. మీవారికి ఇంకే కారణమూ దొరకలేదు కాబట్టి, మెదడు డాక్టరుగారూ నేనూ కూర్చుని మాట్లాడుకుని, మూసేద్దామనుకుంటున్నాం."

"మూసేస్తే తలనొప్పి పోతుందా?"

"మాట ఇవ్వలేను. మళ్ళీ స్ట్రోకు రాకుండా మూస్తున్నాం. తలనొప్పి తగ్గితే అది మన అదృష్టం."

ఆ నిజాయితీకి అక్క ఆమెని నెత్తిన పెట్టుకుంది. బావ మాత్రం తన పాట తనదే. "మరి ఊదొచ్చా?"

"మూడు నెలలు ట్రంపెట్ ముట్టుకోకూడదు. తర్వాత చూస్తాను" అంది. రెండు చిన్న తీగ గొడుగుల్ని వీపులు ఆనించి కుట్టినట్టున్న వస్తువొకటి చూపించింది. తొడ దగ్గర నరంలోనుంచి తీసుకెళ్ళి తలుపుకి చెరోవైపు విప్పుతారట. అక్క దాన్ని వేళ్ళ మధ్య తిప్పి, అటూ ఇటూ లాగి, "పని బాగుంది" అని సర్టిఫికెట్ ఇచ్చింది. తలుపు మూసిన రోజున, పొద్దున లోపలికి తీసుకెళ్ళిన మనిషిని మధ్యాహ్నానికి మాకు అప్పగించారు.

ఆ మూడు నెలలూ మా తల ప్రాణం తోకకొచ్చింది. ట్రంపెట్‌ని అక్క గుడ్డల బీరువాలో పెట్టి తాళం వేసింది. వ్యాయామాలు చేయించే ఆయన పెదవికి పాఠాలు చెప్పాడు. అద్దం ముందు కూర్చుని ఒక బుగ్గలో గాలి నింపాలి, రెండో బుగ్గలోకి మార్చాలి, గడ్డిపరకంత స్ట్రాతో కాగితం ముక్కని పీల్చి పట్టుకోవాలి, పాప, బాబు, మామ అని వందసార్లనాలి. ఒక్కడూ చేస్తే బెంగపడతాడని బ్యాండంతా రోజూ దుకాణంలో చేరి బుగ్గలు ఉబ్బించేది. వీధిలో పోయేవాళ్ళు తొంగిచూసి, ఇత్తడి బూరల మధ్య ఏడుగురు మగాళ్ళు అద్దాలు పట్టుకుని "పాప, పాప" అనడం విని, గబగబా నడిచిపోయేవాళ్ళు.

ఆ రోజుల్లోనే పెద్దాయన తను పెట్టిన నియమాన్ని తనే తీసేశాడు. "ఇక దుప్పటి లేదు. ఎవడు తడబడినా పాట ఆపండి, వాడి మొహం చూడండి" అన్నాడు. చెప్పడానికి ఆయనకి చాలా కష్టమైంది. ఆ తర్వాతి వారమే ఒక ఊరేగింపులో పక్క డ్రమ్ము వాడు తుమ్మాడు. అందరం ఠక్కున ఆగిపోయి వాడి చుట్టూ మూగాం. ఒకడు నవ్వమన్నాడు, ఒకడు చేతులు చాపమన్నాడు. వాడు బతిమాలుకున్నాడు, జలుబండీ అని.

మూడు నెలలయ్యాక డాక్టరమ్మ చూసి సరేనంది. కొంచెం కొంచెంగా, పై స్వరాల జోలికి పోకుండా, రోజుకి పది నిమిషాలు. రక్తం పలచబడే మాత్ర ఒకటి ఇంకా వేసుకోవాలి. ఆ రోజు అక్క బీరువా తాళం తీసింది. బావ ట్రంపెట్ పెదవులకి ఆనించి ఊదాడు. వచ్చిన చప్పుడు ఏమిటో మర్యాదగా రాయలేను. అక్క నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తింది. ఆయనా నవ్వాడు, కానీ ట్రంపెట్ దించాక వాలిన మూలని వేలితో చాలాసేపు తడుముకున్నాడు.

మర్నాడు మళ్ళీ ఊదాడు. మూడోరోజూ ఊదాడు. ఇత్తడి సొట్టని తీసినట్టే తట్టుకుంటూ, తట్టుకుంటూ, ఐదు వారాలు. చప్పుడు గాలైంది, గాలి స్వరమైంది. స్వరం సన్నగా, వణుకుతూ ఉండేది. ఆరునెలలకి మళ్ళీ బుడగల పరీక్ష చేశారు. ఈసారి ఎంత ముక్కినా ఒక్క బుడగ కూడా అవతలికి పోలేదు. "ఈసారి బాగా చేయలేదా?" అని దిగులుగా అడిగాడట! ఈలోగా తలనొప్పి రెండేసార్లు వచ్చింది. డాక్టరమ్మ, "సంతోషించండి, కానీ నన్ను పొగడొద్దు" అంది. ఊదడానికి పూర్తిగా అనుమతి ఇచ్చేసింది.

పోయిన ఆదివారం పొద్దున ఒక పెళ్ళి ఊరేగింపుకి వెళ్ళాం. బావ జరీ కోటు వేసుకుని మధ్యలో నడిచాడు. మొదటి పాట మెత్తగా వాయించాడు. రెండోది కూడా. మా ఆరుగురి కళ్ళూ ఆయన మూతిమీదే ఉన్నాయి, ముందు ఏ వీధి వస్తోందో ఎవరం చూడలేదు. మూడో పాట చివరికొచ్చేసరికి ఆయన ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పై స్వరం లేచింది. వణకలేదు, బుస్సుమనలేదు. లేచి, నిలబడి, అలాగే నిలబడి, వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా నిండిపోయింది. నాకు ఊపిరాడలేదు. కళ్ళు మసకలయ్యాయి.

అప్పుడు నా పక్కన నడుస్తున్న పెళ్ళివారి బామ్మ ఒకావిడ రెండు చెవులూ మూసుకుని నామీద విరుచుకుపడింది. "అబ్బబ్బబ్బ! ఏం మోతయ్యా ఇది! కాస్త మెల్లగా ఊదమని చెప్పవయ్యా ఆయనకి, నా చెవులు పోతున్నాయి!"

ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. చేతుల్లో కర్రలున్నాయి కాబట్టి ఊరుకున్నాను. "చెప్పనండీ బామ్మగారూ" అన్నాను, ఏడుస్తూ. "చచ్చినా చెప్పను."